అమెరికాలో మాటల యుద్ధం, చీమకుర్తిలో మూడెకరాలు

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా అబ్బాయి ఈసీఈ ఫైనలియర్, సీజీపీఏ 7.4. చెన్నైలో ఏడాదికి 4 లక్షల ఉద్యోగం వచ్చింది. వాడేమో అమెరికాలో ఎమ్మెస్ చేస్తానంటున్నాడు. 40 లక్షల లోన్‌కి మూడెకరాల సెనగ చేను తనఖా పెట్టాలి. టీవీలో చూస్తే అక్కడి నాయకులు ఒకరోజు విదేశీయులు వద్దంటారు, మర్నాడు వాళ్లు లేకపోతే పోటీలో వెనకబడతామంటారు. ఎవరి మాట నమ్మి సంతకం పెట్టమంటారు?

జవాబు: ఎవరి మాటా నమ్మొద్దండీ. ఆ గొడవలో మీ అబ్బాయి నిలబడే చోటు ఏదో చూసుకుంటే చాలు.

ఆ గొడవ మీకు కొత్తదేమీ కాదు. మీ ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్ కుర్రాళ్లు పనిచేస్తున్నారు కదా. టీ కొట్టు దగ్గర మనవాళ్లు ‘వీళ్లొచ్చాక మనకు కూలి పెరగడం ఆగిపోయింది’ అంటారు. ఓనరేమో ‘వీళ్లు లేకపోతే మిషన్ ఆగుతుంది, ఆర్డరు పోతుంది’ అంటాడు. ఇద్దరిదీ అబద్ధం కాదు. ఒకరు జీతం వైపు నుంచి చూస్తున్నారు, ఇంకొకరు ఆర్డరు వైపు నుంచి. అమెరికాలో జరుగుతున్నదీ ఇదే, కాకపోతే సూటూబూటూ వేసుకుని మాట్లాడుకుంటున్నారు.

2024 డిసెంబర్‌లో ట్రంప్ మనుషులే రెండుగా చీలారు. ఇలాన్ మస్క్, వివేక్ రామస్వామి హెచ్‌1బీ వీసా (అక్కడి కంపెనీలు నైపుణ్యం ఉన్న విదేశీయులను ఉద్యోగంలో పెట్టుకోడానికి ఇచ్చే వీసా) కావాలన్నారు, స్టీవ్ బానన్ లాంటివాళ్లు ఎత్తేయాలన్నారు. కొద్దిరోజులకు వామపక్షం నుంచి బెర్నీ శాండర్స్ కూడా ఈ వీసా మంచి జీతాల ఉద్యోగాలు తీసేసి తక్కువ జీతాలవాళ్లను పెట్టుకోడానికి వాడుతున్నారని విమర్శించారు. బానన్‌కీ శాండర్స్‌కీ చాలా విషయాల్లో పడదు. ఇక్కడ మాత్రం కలిశారు.

రెండోవైపు చూడండి. 2025 సెప్టెంబర్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేసి 475 మందిని పట్టుకున్నారు. అందులో 300 మందికి పైగా కొరియా వాళ్లు. బ్యాటరీ మిషన్లు బిగించడం తెలిసినవాళ్లను ఇలా పట్టుకుపోతే ఇక మా కంపెనీలు పెట్టుబడికి వెనకాడతాయని కొరియా అధ్యక్షుడు చెప్పారు. నవంబర్‌లో ట్రంపే ఒక ఇంటర్వ్యూలో కొన్ని రకాల నైపుణ్యాలు మా దగ్గర లేవని ఒప్పుకున్నారు. మన పెనుకొండలో కియా ఫ్యాక్టరీ పెట్టినప్పుడు కొరియా ఇంజినీర్లు వచ్చి ఉంటే మనమేం అభ్యంతరం చెప్పలేదు. పని నేర్పేవాడు ఎవరికీ బరువు కాడు.

ఈ రెండూ కలిపి చూడండి. పోటీ కోసం విదేశీయులు కావాలనేవాళ్లు అడిగేది అనుభవం ఉన్నవాళ్లను. వద్దనేవాళ్లు కోప్పడేది తక్కువ జీతానికి వచ్చేవాళ్ల మీద. అంటే ఎవరు గెలిచినా దెబ్బ పడేది కింది మెట్టు మీదే. అనుభవం లేకుండా ఎమ్మెస్ పూర్తిచేసి బయటికొచ్చే కుర్రాడు నిలబడేది సరిగ్గా ఆ మెట్టు మీదే. కన్సల్టెన్సీ వాళ్లు ఈ మాట చెప్పరు, వాళ్లకు సీటు నిండితే చాలు.

రూల్స్ కూడా అటే కదులుతున్నాయి. హెచ్‌1బీ వీసాలు ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు. అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. ఇదివరకు ఆ లాటరీలో అందరికీ ఒకే చీటీ. కొత్త నియమంలో జీతాన్ని నాలుగు స్థాయిలుగా చేశారు. పై స్థాయి వాళ్ల పేరు నాలుగు చీటీల మీద రాస్తారు, అట్టడుగు స్థాయి వాళ్లది ఒక్క చీటీ. మొదటి స్థాయి వాళ్ల అవకాశం మునుపటితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుందని ఆ నియమం తెచ్చిన హోంలాండ్ సెక్యూరిటీ శాఖ వేసిన లెక్కే చెబుతోంది.

హెచ్‌1బీ మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు సంగతి మీరు రాయలేదు గానీ, ఆ టెన్షన్ మీకూ ఉండే ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో పెట్టిన ఆ ఫీజు బయటి దేశం నుంచి కొత్తగా తెచ్చుకునేవాళ్లకు. అక్కడే చదివి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. దీన్ని పట్టుకుని ‘ఎమ్మెస్సే దగ్గరి దారి’ అని ప్రచారం చేస్తున్నారు. సగం నిజం. చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకునే అనుమతి) కింద ఏడాది, ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో రెండేళ్లు పనిచేయొచ్చు. ఆ మూడేళ్లలోనే లాటరీ తగలాలి. పైగా ఈ ఓపీటీని తెచ్చింది పార్లమెంటు చట్టం కాదు, ప్రభుత్వ శాఖ నియమం. శాఖ పెట్టినదాన్ని శాఖే మార్చగలదు.

ఇప్పుడు మన లెక్క. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు 55 వేల దాకా కట్టాలి. చదువుకునే కాలం వడ్డీ అసలులో కలిస్తే 70 వేలకు చేరుతుంది. అబ్బాయికి అక్కడ ఉద్యోగం ఉంటే ఇది పెద్ద భారం కాదు. వీసా తగలక తిరిగొచ్చి ఇక్కడ నెలకు 50 వేల ఉద్యోగంలో చేరితే మాత్రం కట్టేది మీరే, లేదా మీ చేను. ఈ రెండో లెక్క మీ ఇంట్లో ఒక్కసారైనా కాగితం మీద వేశారా?

నేనైతే ఈ ఏడాది సంతకం పెట్టను. అబ్బాయి చెన్నై ఉద్యోగంలో చేరనీయండి. 4 లక్షలు తక్కువే, కాదనను. అయితే ఈసీఈ వాడు కాబట్టి ఆ రెండేళ్లలో ఎంబెడెడ్ (యంత్రాల్లోని చిప్‌లకు ప్రోగ్రాం రాసే పని) వైపో, చిప్ డిజైన్ వైపో మళ్లాలి. కంపెనీ టెస్టింగ్‌లో కూర్చోబెట్టి వదిలేస్తే ఏడాది తిరిగేలోపు మారిపోవాలి. రెండేళ్ల పని అనుభవంతో వెళ్తే ఎమ్మెస్ తర్వాత రెండో స్థాయి జీతం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. చీటీ ఒకటికి రెండవుతుంది. తనఖా మొత్తం కూడా తగ్గుతుంది, కొంత వాడి జీతంలోంచే వస్తుంది కాబట్టి.

అమెరికానే అని పట్టు లేకపోతే జర్మనీ కూడా అడగమనండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు, ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు ఉండనిస్తారు. భాష నేర్చుకోవాలి, అది మాటలతో అయ్యే పని కాదు. చెన్నైలో ఉద్యోగం చేస్తూ సాయంత్రం క్లాసులకు వెళ్లొచ్చు.

వాడు ఒప్పుకోకపోతే గట్టిగా వాదించకండి. ఈ వయసులో తోటివాళ్లు ఎయిర్‌పోర్టులో దిగిన ఫోటోలు చూస్తుంటే మన మాట చెవికెక్కదు. ఒక్క పని అడగండి. వాడు అనుకుంటున్న యూనివర్సిటీలో కిందటేడు ఎమ్మెస్ పూర్తిచేసిన మన తెలుగు పిల్లలు ముగ్గురితో మాట్లాడి, ఇప్పుడు ఏ ఉద్యోగంలో ఉన్నారో, ఏ జీతం స్థాయి రాశారో, లాటరీ ఎన్నిసార్లు వేశారో రాసుకు రమ్మనండి. ఆ కాగితం, చెన్నై ఆఫర్ లెటర్ రెండూ నాకు పంపండి. బ్యాంకు మేనేజర్ తొందరపెట్టినా పొలం పాస్‌బుక్ అప్పటిదాకా బీరువాలోనే ఉంచండి.