మ్యూజియంలో పాత విగ్రహాలు బాగుచేస్తానంటోంది, లోను తీసుకోమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. మ్యూజియాల్లో పాత విగ్రహాలు, పటాలు బాగుచేసే పని నేర్చుకుంటానంటోంది. డేటా సైన్స్ అంటే వినడం లేదు. లోను తీసుకుని లండన్‌లో ఏడాది మ్యూజియం స్టడీస్ చేయిస్తే మంచిదని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. డేటా సైన్సా, లండన్ చదువా, రెంటిలో ఏది మేలు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ అసలు బెంగ "విగ్రహాలు తుడిచే పనికి జీతం ఎవరిస్తారు, చుట్టాలకు ఏం చెప్పుకోవాలి" అన్నది. అది తుడిచే పని కాదండీ, కెమిస్ట్రీయే.

పాత కంచు విగ్రహం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే లోపల క్లోరైడ్ లవణం దాగి ఉందని అర్థం. తేమ తగిలినప్పుడల్లా అది మళ్లీ మళ్లీ లోహాన్ని తింటుంది. పైపైన తుడిస్తే పోదు. మైక్రోస్కోపు కింద పొడిని గీకి తీసి, ఆల్కహాల్‌లో కలిపిన 3 శాతం బెంజోట్రయజోల్‌లో (లోహం తినకుండా అడ్డుకునే రసాయనం) నానబెట్టి, ఆరాక పలచటి రెసిన్ పూత వేసి, గాలిలో తేమ 40 శాతం దాటకుండా చూడాలి.

గుడ్డ మీద కథలు బొమ్మలుగా గీసే మన చేర్యాల పటమైతే ఇంకా సున్నితం. గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూత ఉంటుంది. రంగులు నిలబడేదీ బంకతోనే. దుమ్ము పోవాలని తడిగుడ్డ పెడితే రంగు గుడ్డకు వచ్చేస్తుంది. బిగించి చుడితే పూత పగులుతుంది. గంజి కోసం పురుగు పడుతుంది. ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు.

చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాల పలకలను ఒకప్పుడు గోడల్లో సిమెంటుతో బిగించారు. దాంతో లవణాలు ఆ సున్నపురాయిలోకి దిగి, పైపొర రాలడం మొదలైంది. ఇలాంటి చోట కావలసింది మీ అమ్మాయిలాంటి కెమిస్ట్రీ చదివినవాళ్లే.

ఇక లండన్ మాట. నాకు అభ్యంతరం ఉన్నది ఇక్కడే. మ్యూజియం స్టడీస్‌లో ప్రధానంగా నేర్పేది ప్రదర్శనలు, సందర్శకులు, కేటలాగులు, నిధుల సేకరణ. చేత్తో బాగుచేయడం నేర్పే కన్సర్వేషన్ కోర్సు వేరు. అక్కడ అది చాలాచోట్ల రెండేళ్లు, సగం సమయం ల్యాబులోనే గడుస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని మొదటిది చేయిస్తే, లక్షల అప్పుతో తిరిగొచ్చిన అమ్మాయి చేతికి ఒక్క వస్తువూ ఎవరూ ఇవ్వరు. కన్సల్టెన్సీవాళ్ల మాట నమ్మే ముందు సిలబస్‌లో ల్యాబు గంటలు ఎన్నో లెక్కపెట్టారా? లోను గురించి అడిగారు, అమ్మాయి ఇష్టం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఇది తప్పండీ. డేటా సైన్స్ మంచి చదువే, కానీ లెక్కల మీద మనసు లేనివాళ్లను అందులోకి తోస్తే నలిగిపోతారు.

ముందు మన దేశంలోనే చూడండి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ (పాత నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్)లో కన్సర్వేషన్ ఎంఏ ఉంది. లక్నోలోని సాంస్కృతిక సంపద పరిరక్షణ జాతీయ పరిశోధనాలయం శిక్షణలు ఇస్తుంది. బరోడాలో మ్యూజియాలజీ (మ్యూజియం శాస్త్రం) విభాగం 1952 నుంచి ఉంది. పర్మినెంటు ఉద్యోగాలు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి. మొదటి మూడు నాలుగేళ్లు ప్రాజెక్టుల మీద, కాంట్రాక్టు మీద గడవొచ్చు. ఆ కాలానికి మీ అండ ఉంటే అమ్మాయి నిలదొక్కుకుంటుంది. అండ అంటే లోను కాదు, ఇంట్లో పోరు లేకపోవడం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్సర్వేషన్ ల్యాబు ఉంది. వేసవిలో కొన్ని వారాలు పని చూసే వీలుందేమో అమ్మాయినే ఉత్తరం రాయమనండి. ఈలోగా ఇంట్లో ఉన్న పాత ఇత్తడి దీపపు కుందెను బల్ల మీద పెట్టించండి. ఉంగరాలు తీసేసి, కొలతలు సెంటీమీటర్లలో రాసి, పక్కనుంచి ఏటవాలుగా లైటు వేసి ఫొటోలు తీసి, ఎక్కడ సొట్ట, ఎక్కడ చిలుము, ఎక్కడ పాత అతుకు ఉందో రెండు పేజీలు రాయమనండి. అది పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఆ కుందెను చింతపండుతో తోమకండి.