పద్యం, పదం, పాట: ఏ పేరు దేనిని బట్టి?

ప్రశ్న: మా బడి పిల్లలు ఊళ్ళలో విని రాసుకొచ్చిన రచనలను ఒక పుస్తకంగా కూర్చుతున్నాము. పాఠ్యపుస్తకంలో పద్యం, గేయం, కవిత, కీర్తన అనే పేర్లున్నాయి. పిల్లల నాయనమ్మలేమో నాటు పాట, ఉయ్యాల పాట, సుద్దులు అంటున్నారు. దేనిని ఏ పేరు కింద రాయించాలి?
- ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: ఈ రెండు వరుసల పేర్లూ ఒకే కొలతతో పుట్టినవి కావు. పాఠ్యపుస్తకం పేర్లు చాలావరకు రచన కట్టుబడిని చూసి పెట్టినవి; ఊరి పేర్లు దానిని ఎవరు, ఎప్పుడు, ఏ పని చేస్తూ, ఏ వాద్యంతో పాడతారో చూసి పెట్టినవి. కాబట్టి ఒకే రచనకు రెండు పేర్లూ చెల్లుతాయి, ఒకటి ఉంచి ఇంకొకటి కొట్టివేయవలసిన అవసరం లేదు.

ముందు కట్టుబడి సంగతి చూద్దాము. పాడితే పాట, చదివితే పద్యం అని చాలామంది అనుకుంటారు గాని ఆ విభజన మన దగ్గర నిలవదు. నాటకంలో నటుడు సీస పద్యాన్ని ఎంతసేపు రాగం తీసి పాడినా అది పద్యమే. ఎందుకంటే దాని ప్రతి పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (ఇవి గురులఘువుల కూర్పులు) ఉండాలి, నాలుగు పాదాలు ముగిశాక ఆటవెలదిగాని తేటగీతిగాని రావాలి, యతి తప్పకూడదు. పాటను నిలబెట్టేది తాళం. ఒక అక్షరం తగ్గినచోట గొంతు సాగదీసి సరిచేసుకుంటుంది, ఎక్కువైనచోట తొందరగా పలికి దాటిపోతుంది. చరణం ముగిసిన ప్రతిసారీ పల్లవికి తిరిగి వస్తుంది. గేయం ఈ రెండింటికీ నడుమ ఉంటుంది: కవి మాత్రలు, అంటే అక్షరాలు పలికే కాలపు కొలతలు, లెక్కపెట్టి రాస్తాడు, పాడుకోవడానికి వీలుగా రాస్తాడు. ఛందస్సునూ తాళాన్నీ విడిచి రాసినది వచన కవిత.

ఈ గీతలు అంత గట్టివి కావనడానికి ద్విపద ఒక్కటి చాలు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉన్న పాదాలు రెండేసి చొప్పున ప్రాసతో సాగే ఈ ఛందస్సు లెక్కకు పద్యం, నోటికి పాట. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని ద్విపదలోనే రాశాడు. శివభక్తులు పాడుకునే తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ తన పండితారాధ్య చరిత్రలో పేరు పేరునా చెప్పినవాడు కూడా ఆయనే. పాటల పేర్లను ఇంత ప్రేమతో నమోదు చేసిన కవి మనకు ఉన్నందువల్లనే, కాకతీయుల కాలపు జనం ఏమి పాడుకున్నారో కొంతైనా తెలుస్తున్నది. మీ పిల్లలు చేస్తున్నదీ అటువంటి పనే.

ఇక ఊరి పేర్లు. నాటు పాట, కలుపు పాట, మోట పాట, ఇసుర్రాయి పాట అన్నవి పనిని బట్టి వచ్చినవి. ఎడ్లతో బావినీరు తోడే మోటలు ఆగిపోయి బోర్లు వచ్చాక మోట పాట పాడే సందర్భమే పోయింది. కనుక దానిని ఎరిగిన పెద్దలుంటే ముందుగా వారి దగ్గరికే పిల్లలను పంపండి. బొడ్డెమ్మ పాట, బతుకమ్మ పాట, పీర్ల పాట పండుగను బట్టి వచ్చినవి. ఒగ్గు కథకు, శారద కథకు వాద్యమే పేరు. గొల్ల సుద్దులకు పాడేవారి కులం పేరు నిలిచింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు ఆ రూపాన్నే తీసుకొని దొరల దౌర్జన్యాన్ని చెప్పినప్పుడు విషయం మారింది గాని సుద్దులన్న పేరు మారలేదు.

ఉయ్యాల పాట విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఊయలలో బిడ్డను ఊపుతూ పాడేదానికీ ఆ పేరుంది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చరణం చివర ‘ఉయ్యాలో’ అని అందుకునేదానికీ ఆ పేరే చెబుతారు. బతుకమ్మ దగ్గర ఒకే కథను ఒక ఊరివారు ‘ఉయ్యాలో’ అని, ఇంకొక ఊరివారు ‘వలలో’ అని, వేరొకరు ‘చందమామ’ అని పాడవచ్చు. అందువల్ల పాటతో పాటు ఆ అందుకునే మాటను కూడా తప్పక రాయించండి. అది లేకుండా అచ్చువేస్తే పాట నడక చదివేవారికి అందదు.

నా సలహా ఇది: పాడినవారు చెప్పిన పేరునే శీర్షికగా ఉంచి, కట్టుబడి పేరును కింద చిన్న అక్షరాలలో వేయండి. అన్నింటికీ ‘జానపద గేయం’ అని ఒకే ముద్ర వేయకండి. ఆ మాట పరిశోధకులకు ఉపయోగపడుతుంది, కాని నాటు పాటకూ అప్పగింత పాటకూ ఉన్న తేడాను అది చెప్పదు.

ప్రశ్న: మా భజన మండలిలో మన్యంకొండ హనుమద్దాసు రచనలు పాడతాము. వాటిని కొందరు కీర్తనలని, మరికొందరు తత్వాలని అంటున్నారు. ఏది సరి?
- ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: కీర్తన అనేది రూపానికి పేరు: పల్లవి, చరణాలు ఉంటాయి, దైవాన్ని కీర్తిస్తుంది. తత్వం అనేది విషయానికి పేరు: దేహం నిలవదని, గురువు లేనిదే దారి దొరకదని బోధిస్తుంది. మన్యంకొండ వేంకటేశ్వరుని కొలిచే హనుమద్దాసు రచనలను కీర్తనలనడమే పాలమూరు వాడుక, అదే సరైనది. వేరే ఏ భజన కీర్తనలోనైనా వైరాగ్య బోధ ప్రధానంగా ఉంటే దానిని తత్వమన్నా అభ్యంతరం లేదు, ఎందుకంటే తత్వాన్ని కూడా కీర్తన కట్టుబడిలోనే రాయవచ్చు.

ప్రశ్న: నానీలు పద్యాలా, కవితలా?
- ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: వచన కవితలే. అయితే వీటికి ఒక హద్దు ఉంది: నాలుగు పాదాలు, మొత్తం ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. గణాలు, యతిప్రాసల నియమం లేదు కనుక పద్యాలు కావు. ఈ ప్రక్రియను ప్రవేశపెట్టిన ఎన్. గోపి మీ పక్కనున్న భువనగిరివారే.