అబ్జర్వేషన్ హోమ్‌లో (కేసు విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే చోటు) పిల్లలు తమను తాము గాయపరచుకోవడం బెయిల్ కోసం ఆడే నాటకమా?

కాదు. మీ అక్క కొడుకు గురించి అక్కడి సిబ్బంది అన్నట్టుగా మీరు రాసిన ఈ మాట, కర్నూలులో లీగల్ ఎయిడ్ లాయర్‌గా నాకు విని విని విసుగొచ్చింది.

ఇలాగే తనను తాను గాయపరచుకున్న ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. పేరు, ఊరు అడగొద్దు, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. ఆదోని వైపు వాడు, బైక్ దొంగతనం కేసు. అమ్మానాన్న ఏటా గుంటూరు మిరప చేలకు సుగ్గికి (వలస కూలికి) పోతుంటే చిన్నాయన ఇంట్లో పెరిగాడు. "పగలు బాగానే ఉంటాడు మేడమ్, రాత్రయితే డ్రామాలు మొదలు" అన్నాడు కేర్‌టేకర్. నేను కేసు ఊసెత్తకుండా నిద్ర పడుతోందా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బయట గడియ పెట్టే సప్పుడు ఇంటే మా చిన్నాయన తాగొచ్చినట్టే ఉంటాది మేడమ్" అన్నాడు. ఆయన తాగొచ్చి, తలుపు గడియ పెట్టి కొట్టేవాడట. మనం వాణ్ణి తెచ్చి మళ్లీ గడియ పెట్టే గదిలోనే ఉంచాం!

పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు మొదటిసారి తెచ్చిన 15 రోజుల్లో ప్రొబేషన్ ఆఫీసర్, అంటే పిల్లవాడి ఇంటి పరిస్థితులు విచారించే అధికారి, సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ఇంట్లో హింస జరిగిందా అని అడిగే గడి అందులో ఉంటుంది. వీడి ఫారంలో అక్కడ "లేదు" అని రాశారు. నేరానికి కారణం: "చెడు సావాసం". నేను చూసే ఫారాలన్నిట్లో ఇదే కారణం. ఆఫీసర్లనే అని లాభం లేదు, నేనెరిగిన ఒకాయన పెట్రోలు సొంత డబ్బుతో పోయించుకుని ఊళ్లు తిరిగేవాడు. నా కోపం "నాలుగు తగిలిస్తే దారికొస్తారు" అనే పెద్దమనుషుల మీద. దెబ్బలతోనే దారికొచ్చేటట్టయితే వీళ్లలో ఒక్కడూ హోమ్ గడప తొక్కేవాడు కాదు. తగలాల్సినవన్నీ ఇంట్లోనే తగిలాయి.

అర్జీ పెడితే బోర్డు వాణ్ణి మానసిక వైద్యుడికి చూపించమంది. గడియ పెట్టే ముందు పేరు పెట్టి పిలిచి చెప్పమని కేర్‌టేకర్‌ను నేను అడిగాను. గొణుక్కుంటూనే చేశాడు. నిద్ర కొంచెం మెరుగైంది.

మీరు బెయిల్ తొందరలో "మా ఇంట్లో గొడవల్లేవు" అని రాయించకండి. పరువు కోసం కుటుంబాలు చేసే పని ఇదే. గాయాల సంగతి బోర్డుకు చెప్పి, డాక్టర్‌కు చూపించమని అర్జీ పెట్టించండి. పిల్లలకు లీగల్ ఎయిడ్ ఉచితం. మీ అక్కకు టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు.