బహుమతి రాని కథ గురించి

అమ్మాయ్,

నీ ఉత్తరం, దాంతో పాటు కథ అందాయి. రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ పోటీ గోలే. బహుమతి సంగతి అటుంచి సాధారణ ప్రచురణకు కూడా తీసుకోలేదని బాధపడ్డావు. ఏం రాస్తే జడ్జీలకు నచ్చుతుందో చెప్పమన్నావు.

అలాంటి పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నవాణ్ని కాబట్టి లోపలి సంగతి చెప్తాను. కథలు కట్టలు కట్టలుగా వస్తాయి. ముందు ఎవరో వడపోస్తారు, మిగిలినవి మా దగ్గరికొస్తాయి. ముగ్గురం కూర్చుంటే మూడు రుచులు. నేను నెత్తిన పెట్టుకున్న కథ పక్కాయన జాబితాలోనే ఉండదు. చివరికి ముగ్గురికీ పెద్దగా అభ్యంతరం లేని కథ ఏదో గట్టెక్కుతుంది. మంచి కథకే బహుమతి వెళ్లిన సందర్భాలూ లేకపోలేదు. కానీ ఆ గదిలో జరిగేదాని మీద నీకు పిసరంత పట్టు లేదు. అలాంటప్పుడు దాని కోసం టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకోవడం దేనికి?

బహుమతులంటే నాకు చిన్నచూపు అనుకునేవు. 1952లో పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కు న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తెలుగు కథకు అదెంత గౌరవమో వేరే చెప్పాలా. వస్తే తీసుకో, డబ్బులూ అక్కరకొస్తాయి.

గురజాడ వారి సంగతి నీకు తెలిసే ఉంటుంది, ఇలా ఆలోచించావో లేదో. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, జనం మెచ్చారు. 1897లో పుస్తకంగా వచ్చింది. మరొకరైతే ఆ పేరు చాలనుకుని ఇంకో నాటకం మొదలుపెట్టేవారు. ఆయన మళ్లీ అదే నాటకం ముందేసుకుని కూర్చున్నారు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు తిరగరాతే. ఐదంకాలు ఏడయ్యాయి. మధురవాణి పెరిగి పెరిగి నాటకాన్నే తన చేతిలోకి తీసుకుంది. ఇవాళ మనం మాటామాటకూ తలుచుకునే కన్యాశుల్కం ఈ రెండోదే. మొదటి కూర్పు కూడా సంపాదించు. ఓపిక చేసుకుని రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క రంగం చదువు. ఏం పెరిగింది, ఏం పోయింది, ఎవరి నోట్లో ఏ మాట పడింది చూడు. ఏ వర్క్‌షాపూ నీకు అంత నేర్పదు. వర్క్‌షాపుల్లో మాట్లాడి డబ్బులు తీసుకున్నవాణ్నే ఈ మాట చెప్తున్నాను.

ఇక నీ కథ. నాన్న గేదెను అమ్మే ఘట్టం. బేరం కుదిరింది, డబ్బు లెక్కపెట్టుకున్నారు. కొన్నవాడు పలుపు పట్టుకోబోతే నాన్న ‘ఆగు’ అని, గేదె మెడలోని పాత పలుపు విప్పి తన భుజాన వేసుకున్నాడు. వాడు తన సంచిలోంచి కొత్త పలుపు తీసి కట్టి తోలుకెళ్లాడు. అక్కడికొచ్చేసరికి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఈ పిల్లకు చూపుంది అనుకున్నాను. తీరా తర్వాతి వాక్యం చూస్తే ‘నాన్న గుండె బరువెక్కింది, కళ్లు చెమర్చాయి’ అని ఉంది. ఆపైన నాలుగు లైన్లలో, రైతు కష్టాల మీద ఓ చిన్న ఉపన్యాసంతో సహా, కథ అయిపోయింది.

మరి ఆ పలుపు ఏమైనట్టు? ఇంటికొచ్చి పాకలో కొయ్యకు తగిలించాడా? పాలు పితికే వేళకి అలవాటు కొద్దీ చెంబు కడిగి తెచ్చిన అమ్మ దాన్ని చూసిందా? లేక మర్నాడే తీసుకెళ్లి కట్టెల మోపుకి కట్టేశాడా? మూడింట్లో మూడు రకాల నాన్నలు ఉన్నారు. నీ కథలో నాన్న ఎవరో నీకింకా తెలియదు. గడువు తేదీ ముంచుకొచ్చిందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. పలుపు గురించి ఆలోచించాల్సిన పూట కొరియర్ గురించి ఆలోచించావు. గుండె బరువెక్కడాలు, కళ్లు చెమర్చడాలు ఇలాంటి తొందరలోనే వచ్చి కూర్చుంటాయి. అవి ఎవరి కథలోనైనా ఇమిడిపోతాయి మరి.

కాబట్టి ఓ నెల ఆ కథ జోలికి పోకు. ఈలోపు మీ ఊళ్లో గేదెను అమ్ముకున్నవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడించు. బాధ గురించి అడగొద్దు, పొడి మాటలొస్తాయి. ఆ రోజు పొద్దున మేత వేశారా, ఎవరు వేశారు, గేదె వెళ్లాక మిగిలిన గడ్డి ఏం చేశారు, ఇలాంటివి అడుగు. అసలు సంగతి దొరికిన రోజున అన్నం కూడా సయించక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతావు చూడు, నేను ఇన్నేళ్లుగా రాస్తున్నది ఎక్కువగా దాని కోసమే. సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువా నిండా ఉండేవి. చలికాలం వస్తే మా ఆవిడ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచిపెట్టేస్తుంది.

తిరగరాశాక మళ్లీ పోటీకే పంపుతానంటావా, పంపు. పంపాక మటుకు ‘తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి’ అనుకుని ఇంకో కథ మొదలుపెట్టు. ఫలితాలొచ్చే నాటికి అది సగంలో ఉండాలి.

అన్నట్టు, నాకు పంపేటప్పుడు పేజీ నంబర్లు వేయి. ఈసారి ఐదో పేజీ, ఆరో పేజీ తారుమారై వచ్చాయి. గేదెను తోలుకెళ్లిపోయాక బేరమాడుతున్నారేమిటా అని కాసేపు తికమక పడ్డాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు