జూలై అద్దె చూసి గాల్వెస్టన్‌లో ఇల్లు కొనేస్తారా?

హ్యూస్టన్ పక్కన కేటీ నుంచి ఒక పాఠకుడు రాశారు, ఆయన ప్రశ్న కాస్త కుదించి ఇస్తున్నా:

"నాది హెచ్‌1బి ఉద్యోగ వీసా, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) అప్రూవ్ అయింది. మా ఆవిడ హెచ్‌4 ఈఏడి (నా వీసా మీద ఆధారపడ్డ పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తోంది. ఇద్దరికీ కలిపి నెలకి చేతికి వచ్చేది 13,300 డాలర్లు, ఇంటి లోను, కార్లు, పిల్లలు, ఇండియాకి పంపేది అన్నీ పోను 4,300 మిగులుతుంది. బ్యాంకులో 14,000 ఉంది. గాల్వెస్టన్ ద్వీపం వెస్ట్ ఎండ్‌లో బీచ్‌కి రెండు వీధుల అవతల స్తంభాల మీద కట్టిన ఇల్లు 4,20,000కి వస్తోంది. డౌన్ పేమెంట్ 1,05,000. అందులో 70,000 కేటీ ఇంటి మీద హీలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి తీసే అప్పు) తీస్తున్నాం, అది అప్రూవ్ అయింది, వచ్చే వారం క్లోజింగ్, అంటే చివరి సంతకాలు. మిగతా 35,000 నా 401కె (కంపెనీ రిటైర్‌మెంట్ ఖాతా) మీద లోన్. పక్కింటి ఓనర్ జూలైలో అద్దె 7,800 వచ్చిందని స్క్రీన్‌షాట్ పంపాడు. ఆ లెక్కన అన్నీ కట్టాక నెలకి 3,600 మిగులుతుంది. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బుకింగ్స్ తక్కువ కాబట్టి అప్పుడు మేమే వెళ్ళి ఉంటాం, వర్క్ ఫ్రమ్ హోమ్ ఎలాగూ ఉంది, అమ్మానాన్న వస్తే వాళ్ళనీ అక్కడే ఉంచుతాం. ఇది మంచి ఇన్వెస్ట్‌మెంటేనా?"

కాదండి. ఉంటున్న ఇంటి మీద తెచ్చే అప్పుతో మీరు ఈ బీచ్ ఇల్లు కొనకూడదు. హీలాక్ క్లోజింగ్ ఇంకా కాలేదు కాబట్టి ముందు అది ఆపించండి, తర్వాత మిగతాది చదవండి. ఈ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు ఎందుకు రాస్తున్నానంటే ఇదే ప్లాన్ కొద్దిపాటి తేడాలతో చాలామంది మనవాళ్ళ దగ్గర వింటున్నా, కొందరిది గాల్వెస్టన్, కొందరిది ఫ్లోరిడా, కొందరిది స్మోకీ మౌంటెన్స్‌లో కాబిన్, కానీ తప్పు మాత్రం ఒక్కటే. సీజన్‌లో వచ్చిన ఒక నెల అద్దెని పన్నెండుతో గుణించడం, డౌన్ పేమెంట్ మొత్తం అప్పు తేవడం, చేతిలో ఒక నెల ఖర్చుకి కూడా సరిగ్గా సరిపోని డబ్బు పెట్టుకుని ముందుకెళ్ళడం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఇంకా రాని అద్దెతో లెక్కలన్నీ అయిపోయాయి.

ముందు ఆ 7,800 సంగతి. గాల్వెస్టన్‌లో స్కూళ్ళకి సెలవులిచ్చాక జూన్, జూలై, ఆగస్టు మొదటి సగం నిండుగా ఉంటాయి. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ బాగుంటుంది. ఇవి కాక మార్డీ గ్రా కార్నివాల్, నవంబర్‌లో బైక్ ర్యాలీ, డిసెంబర్‌లో స్ట్రాండ్ వీధిలో డికెన్స్ పండగ, ఇలా ఒక్కో వారాంతం ఊరు నిండుతుంది తప్ప మంగళవారం, బుధవారం మీ ఇంటికి ఎవరూ రారు. పైగా ఆ పండగలన్నీ డౌన్‌టౌన్ వైపు, మీ ఇల్లేమో వెస్ట్ ఎండ్‌లో. కాస్త మంచిగానే వేస్తాను, ఎండాకాలం మూడు నెలలు 7,000 చొప్పున, మార్చి నుంచి మే దాకా 3,800 చొప్పున, మిగతా ఆరు నెలలు 1,500 చొప్పున. మొత్తం 41,400. మీరు వేసుకున్నది 93,600. ఇందులో మేనేజర్‌కి 25 శాతం తీసేయండి, ఎందుకంటే హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు గెస్టులతో మాట్లాడ్డం, క్లీనింగ్ చూసుకోవడం స్వయంగా నడిపిస్తే అది పని కింద లెక్కపడే ప్రమాదం ఉంది, ఆ ముక్క ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా అడుగు వేయొద్దు. మిగిలేది 31,050, అంటే నెలకి 2,590 దాకా.

ఇప్పుడు ఖర్చు. 3,15,000 లోన్‌కి 7.25 శాతం వడ్డీ అనుకుంటే కిస్తీ 2,150. హీలాక్‌కి 8.5 శాతం చొప్పున వడ్డీ మాత్రమే కట్టినా 500, అదీ మారే వడ్డీ. 401కె లోన్ ఐదేళ్ళలో తీర్చాలి, నెలకి 720. ప్రాపర్టీ టాక్స్ మీరే 7,500 అని రాశారు, అది 625. ఇన్సూరెన్స్ మీరు నెలకి 150 వేశారు, అది కేటీ ఇంటి లెక్క, ద్వీపం లెక్క కాదు. ఇక్కడ గాలివానకి వేరే పాలసీ, వరదకి వేరే పాలసీ, మామూలు హోమ్ పాలసీ వేరే, అదీ రోజువారీ అద్దెకి ఇచ్చే ఇల్లని చెప్పి తీసుకోవాలి. మూడూ కలిపి ఏడాదికి 8,000 అనుకుందాం, నెలకి 667. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్, పురుగుల మందు 450. మొత్తం 5,100 పైన. అద్దె పోను నెలకి 2,500 మీ జీతంలోంచి వేయాలి, మీకు మిగిలే 4,300లో సగానికి పైనే. ఇందులో ఉప్పు గాలికి తుప్పు పట్టే ఏసీ బయటి యూనిట్ మార్చే ఖర్చు, డెక్ చెక్కలు, మెట్ల బోల్టులు, ఇవేవీ వేయలేదు. మీరే ఆరు నెలలు ఉంటే ఆ 1,500 చొప్పున వచ్చేది కూడా రాదు.

ఇదంతా ఒక ఎత్తు, నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ 14,000. ఇప్పుడు మీ ఇంటి ఖర్చు నెలకి 9,000. దానికి ఈ 5,100 కలిపితే 14,100. అంటే ఇల్లు కొన్న మర్నాడు మీ దగ్గర ఉన్న ఎమర్జెన్సీ ఫండ్ ఒక్క నెలకి కూడా వంద డాలర్లు తక్కువ. సెప్టెంబర్ మధ్యలో మీ ఉద్యోగం పోయిందనుకోండి. హెచ్‌1బి మీద కొత్త ఉద్యోగం వెతుక్కోడానికి ఉన్నది 60 రోజులు. మీ స్టేటస్ పోతే మేడమ్ గారి ఈఏడి కూడా దాంతోపాటే పోతుంది, రెండు జీతాలు అనుకుంటున్నారు గానీ నిజానికి రెండూ ఒకే కొమ్మ మీద ఉన్నాయి. అప్పుడే 401కె లోన్ బాకీ మొత్తం మీద పడుతుంది, ఆ ఏడాది టాక్స్ ఫైలింగ్ గడువు లోపు అంత మొత్తం ఐఆర్ఏలో (సొంత రిటైర్‌మెంట్ ఖాతాలో) వేయలేకపోతే దాన్ని విత్‌డ్రాయల్ కింద లెక్కేసి టాక్స్, పైన 10 శాతం పెనాల్టీ. ద్వీపంలో ఇంటికి ఫిబ్రవరి దాకా బేరం ఉండదు, అమ్ముదామన్నా చలికాలంలో కొనేవాళ్ళు తక్కువ. ఆ 60 రోజులు మీరు ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవ్వాలా, రెండు ఇళ్ళ కిస్తీలకి క్రెడిట్ కార్డులు గీకాలా?

ఎమర్జెన్సీ ఫండ్ అంటే చాలామంది మూడు నెలల జీతం అనేసుకుని వదిలేస్తారు. వీసా మీద ఉన్న కుటుంబానికి ఆరు నెలల ఖర్చు కావాలి, అంతకంటే తక్కువకి నేను ఒప్పుకోను. మీకు అది ఇప్పటికే 54,000. ద్వీపంలో ఇల్లు కూడా కావాలంటే దానికి ఆరు నెలలది ఇంకో 30,600. గాలివాన పాలసీలో డిడక్టబుల్ 2 శాతం, ఇంటిని 3,50,000కి ఇన్సూర్ చేశారనుకుంటే ముందు మీ జేబులోంచి 7,000. మొత్తం 91,600. మీ దగ్గర ఉన్నది 14,000. అది లేకుండా డౌన్ పేమెంట్ గురించి మాట్లాడ్డమే అనవసరం, అందులోనూ అది సొంత డబ్బు కాదు. "అవసరమైతే హీలాక్ ఉంది కదా" అని ఎవరైనా చెప్తే నమ్మకండి, మీరు హీలాక్‌నే డౌన్ పేమెంట్‌కి వాడేస్తున్నారు, ఇక అవసరానికి ఏం మిగిలింది?

తుపాను సంగతి కూడా ఈ ఫండ్‌తోనే ముడిపడి ఉంది. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30, అంటే మీకు అద్దె బాగా వచ్చే ఎండాకాలం నెలలన్నీ అందులోనే ఉన్నాయి. 2024 జూలై 8న బెరిల్ వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షల పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, చాలామందికి రోజుల తరబడి రాలేదు, అదీ జూలైలో, మీరు స్క్రీన్‌షాట్ చూసి లెక్కేసిన ఆ నెలలోనే. మీ ఉద్యోగం, కేటీ ఇల్లు, బీచ్ ఇల్లు మూడూ ఒకే తుపాను దారిలో ఉన్నాయి. 2017లో హార్వీకి బార్కర్ రిజర్వాయర్ పక్కన కేటీ వైపు కాలనీల్లో నీళ్ళు ఎలా నిలిచాయో మీ వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ ఇంటి మీద అప్పు తెచ్చి ఈ ఇల్లు కొంటే ఒకే రోజు రెండిటికీ డిడక్టబుల్ కట్టాల్సి రావచ్చు.

2008 సెప్టెంబర్‌లో ఐక్ తుపాను వచ్చినప్పుడు గాల్వెస్టన్‌లో నష్టం ఎక్కువగా సముద్రం పొంగడం వల్లే, పక్కనున్న బొలివార్ పెనిన్సులాలో వీధులకి వీధులే లేచిపోయాయి. సముద్రాన్ని ఆపడానికి కట్టిన గోడ, సీవాల్, పది మైళ్ళ పైన పొడుగుంది, కానీ వెస్ట్ ఎండ్ దాకా లేదు, మీరు చూసిన ఇంటికీ సముద్రానికీ మధ్య ఉన్నవి ఇసుక దిబ్బలు, ఇంకో రెండు వరసల ఇళ్ళు. టెక్సాస్ విండ్‌స్టార్మ్ సంస్థ పాలసీ గాలికి, వడగళ్ళకి మాత్రమే, పొంగిన నీళ్ళకి కాదు. ఫెడరల్ వరద పాలసీ ఇంటికి గరిష్ఠంగా 2,50,000, సామాన్లకి 1,00,000, పోయిన అద్దెకి మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వదు. లిస్టింగ్ ఫోటోల్లో కింద స్తంభాల మధ్య గోడలు కట్టి గేమ్ రూమ్ చేశారు కదా, పూల్ టేబుల్, బంక్ బెడ్లు, చిన్న ఫ్రిజ్, బహుశా మీకు అందరికంటే బాగా నచ్చింది అదే అయ్యుంటుంది. వరద మండలంలో ఎత్తు మీద కట్టిన ఇలాంటి ఇళ్ళకి కింది అంతస్తులో ఉన్న ఆ గదికి ఆ పాలసీ దాదాపు ఏమీ ఇవ్వదు. నీళ్ళు ముందు వచ్చేది అక్కడికే, గెస్టులు అడిగేదీ ఆ గదినే. ఇంకోటి, గల్ఫ్‌లోకి హరికేన్ వచ్చిందంటే విండ్‌స్టార్మ్ సంస్థ కొత్త పాలసీలు ఆపేస్తుంది, ఆగస్టులో క్లోజింగ్ పెట్టుకున్నవాళ్ళు ఆఖరి నిమిషంలో ఇరుక్కునేది ఇక్కడే. ఆ ఇంటికి డబ్ల్యూపీఐ-8 (గాలివానకి తట్టుకునేలా కట్టారని చెప్పే) సర్టిఫికెట్ ఉందో లేదో కూడా మీరు రాయలేదు, చూశారా అసలు?

ఇక హీలాక్. టెక్సాస్‌లో సొంతింటికి ఉన్న రక్షణ చాలా గట్టిది, మామూలు అప్పులవాళ్ళు ఎవరూ ఆ ఇంటి జోలికి రాలేరు. 1997లో రాష్ట్ర రాజ్యాంగం మార్చేదాకా ఇక్కడ ఇంటి ఈక్విటీ చూపించి చేతి ఖర్చులకి అప్పు తీసుకోవడమే కుదిరేది కాదు. మీ పిల్లలు నిద్రపోయే ఇంటికి చట్టం ఇచ్చిన ఆ కవచాన్ని మీ చేత్తో మీరే విప్పేస్తున్నారు, అదీ ఏడాదిలో సగం కాలం ఖాళీగా ఉండే ఇంటి కోసం. నాకు దీంట్లో రెండో మాట లేదు. అద్దెల కోసం, షేర్ల కోసం, ఇండియాలో ప్లాట్ల కోసం ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టొద్దు. బ్యాంకు అప్రూవ్ చేసింది కదా అంటారేమో, బ్యాంకు చూసేది తన డబ్బు తిరిగొస్తుందా అని, మీ ఇల్లు మీకు మిగులుతుందా అని కాదు.

ఆఫ్ సీజన్‌లో అక్కడ ఉండాలనే కోరిక మాత్రం నాకు చాలా నచ్చింది, అందులో తప్పేం లేదు, జనవరిలో బీచ్ ఖాళీగా ఉంటుంది, పెద్దవాళ్ళకి పొద్దున నడవడానికి బాగుంటుంది. దానికి ఇల్లు కొనక్కర్లేదు, అద్దెకి తీసుకోండి. మీకు బేరం లేని నెలలంటే మిగతా ఓనర్లకీ బేరం లేని నెలలే. నెల మొత్తానికి ఫర్నిచర్‌తో ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, చలికాలానికి ఉత్తరాది నుంచి దిగే రిటైరైన వాళ్ళకి, యూటీఎంబీ హాస్పిటల్‌లో కొన్నాళ్ళ కాంట్రాక్టు మీద వచ్చే నర్సులకి అలాగే ఇస్తారు. 30 రోజులు, ఆ పైన అని ముందే రాసుకుంటే 15 శాతం హోటల్ టాక్స్ కూడా పడదు. అమ్మానాన్న వచ్చిన ఏడాది ఒక నెల తీసుకోండి, 2,000 అయినా మీ ప్లాన్‌లో ఒక్క నెల లోటు కంటే తక్కువ. ఆరు నెలలైతే ఎలాగూ కుదరదు, పిల్లలు కేటీ స్కూల్లో ఉన్నారు, వెస్ట్ ఎండ్ నుంచి ఎనభై మైళ్ళ దాకా ఉంటుంది, ఐ-45 హైవే మీద పొద్దున్నే పిల్లల్ని వేసుకుని వచ్చే మాట మేడమ్ గారిని ఒకసారి అడిగి చూడండి.

టాక్స్ సంగతి ఒక్క ముక్క. సొంత వాడకం 14 రోజులు లేదా అద్దెకిచ్చిన రోజుల్లో 10 శాతం, ఏది ఎక్కువైతే అది దాటితే అద్దె నష్టాన్ని చూపించుకునే వీలు బాగా తగ్గిపోతుంది, అమ్మానాన్న ఉన్న రోజులూ మీ వాడకం కిందే. రియల్ ఎస్టేట్ మీద అంత మోజుంటే ఆర్ఈఐటీ ఫండ్ (అద్దె ఆస్తులున్న కంపెనీల్లో వాటా) ఉంది, అప్పు లేకుండా నెలకి 200తో కూడా కొనొచ్చు.

మీరు చేయాల్సింది ఇది. మిగిలే 4,300లో 3,300 నెలనెలా వేరే హై యీల్డ్ సేవింగ్స్‌లో వేయండి, మిగతా వెయ్యి మీ చేతి ఖర్చులకి ఉంచుకోండి. ఏడాది కాస్త దాటేసరికి 54,000 అవుతుంది. ఆ ఖాతాకి డెబిట్ కార్డు తీసుకోవద్దు. ఈలోగా మీ ఇద్దరి టర్మ్ పాలసీలు ఎంతెంత ఉన్నాయో చూసుకోండి, ఉత్తరంలో ఆ మాటే లేదు, కంపెనీ ఇచ్చేది మాత్రమే ఉంటే ఉద్యోగంతోపాటే పోతుంది. ఫండ్ నిండాక డౌన్ పేమెంట్ సొంత డబ్బుతో కూడబెట్టుకుని, గ్రీన్ కార్డు చేతికొచ్చాక, మూడు పాలసీల కొటేషన్లు, ఆ ఇంటికి గడిచిన రెండేళ్ళ నెలవారీ అద్దె లెక్క పట్టుకుని మళ్ళీ రాయండి, అప్పుడు కూర్చుని చూద్దాం. పక్కింటాయన్ని జూలై కాదు, నవంబర్, జనవరి స్క్రీన్‌షాట్లు పంపమనండి.

హీలాక్‌కి మాత్రం రేపే ఫోన్ చేసి వద్దని చెప్పండి, చెప్పిందే ఈమెయిల్‌లో కూడా పెట్టండి. ఈ జవాబు మీరు చదివేసరికి సంతకాలు అయిపోయినా కంగారు పడకండి, టెక్సాస్‌లో క్లోజింగ్ అయ్యాక కూడా మూడు రోజుల్లోపు ఏ కారణం చెప్పకుండా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, ఆ కాగితం మీ క్లోజింగ్ ఫైల్లోనే ఉంటుంది.