పక్కింట్లో అరుపులు వినిపిస్తే మనమేం చేయాలి?

ప్రశ్న: మా పక్క ఫ్లాట్‌లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. వారానికి రెండు మూడు రాత్రులు అరుపులు, వస్తువులు విసిరేసిన చప్పుడు, ఆ తర్వాత ఆవిడ ఏడుపు వినిపిస్తాయి. తెల్లారి లిఫ్టులో కనిపిస్తే మాత్రం నవ్వుతూనే పలకరిస్తుంది. పోయిన వారం గొంతు బాగా బొంగురుపోయి ఉంది, మెడ చుట్టూ స్కార్ఫ్ తీయలేదు. మా వారేమో "మొగుడూ పెళ్ళాల గొడవ, రేపు వాళ్లిద్దరూ ఒకటైపోతారు, మధ్యలో మనం చెడ్డవాళ్లమవుతాం" అంటున్నారు. నాకేమో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దు

జవాబు: ముందు ఆ బొంగురు గొంతు సంగతి. జలుబే కావచ్చు, అయితే సంతోషమే. కానీ గొంతు నులిమితే పైకి ఒక్క మచ్చ కూడా కనపడకపోవచ్చు. గొంతు మారడం, మింగడం కష్టమవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, కాసేపు ఏం జరిగిందో గుర్తు లేకపోవడం, ఇవీ దాని గుర్తులు. లోపల రక్తనాళం దెబ్బతింటే ఆ ప్రమాదం ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు కాబట్టి "ఇప్పుడు బాగానే ఉందిగా" అనుకోకుండా డాక్టరుకి చూపించాలి. ఇంకో విషయం, భాగస్వామి ఒకసారి గొంతు నులిమిన ఆడవాళ్లు ఆ తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే ప్రమాదం దాదాపు ఏడు రెట్లు ఎక్కువని 2008లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. అందుకే ఇది రోజూ ఉండే గొడవే కదా అని వదిలేసే విషయం కాదు.

ఇక ఆవిడతో మాట్లాడడం. అతను లేనప్పుడు, పిల్లలు వినకుండా, ఎదురుగా మాట్లాడండి. మెసేజ్ పెట్టొద్దు, ఆ ఫోన్ అతను కూడా చూస్తుండొచ్చు. పెద్ద ఉపోద్ఘాతం ఏమీ అక్కర్లేదు. "రాత్రి చప్పుడు వినిపించింది, మీరు బాగానే ఉన్నారా? నేనేం చేస్తే మీకు పనికొస్తుంది?" అంటే చాలు. "ఏం లేదండీ, టీవీ సౌండ్" అని తప్పించుకుంటుంది, దాదాపు అందరూ మొదటిసారి అలాగే అంటారు. మీరు గుచ్చి గుచ్చి అడగకుండా "సరే, ఏ టైమ్‌లోనైనా మా బెల్ కొట్టండి, అర్ధరాత్రయినా ఫరవాలేదు" అని వచ్చేయండి. రెండో నెలలోనో, ఆరో నెలలోనో ఆవిడకి ఆ మాట గుర్తొస్తుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అని చిన్నప్పటి నుంచి విన్న మనిషి ఒక్క రోజులో నోరు విప్పుతుందా చెప్పండి?

చప్పుడు వినిపిస్తున్న సమయంలోనే ఏమైనా చేయొచ్చా అంటే, చేయొచ్చు. 2008లో భారత్‌లో 'బెల్ బజావో' అని ఒక ప్రచారం నడిచింది. పక్కింట్లో కొడుతున్నట్టు వినిపిస్తే వెళ్లి బెల్ కొట్టి, ఏదో ఒక వంకతో ఫోన్ వాడుకోవచ్చా అనో, కాసిని పాలు ఉన్నాయా అనో అడిగి రావడమే. కొట్టే చేయి ఆ నిమిషం ఆగుతుంది, బయట ఎవరో వింటున్నారని అతనికి తెలుస్తుంది. ఒక్కరే వెళ్లొద్దు, మీ వారిని వెంటబెట్టుకుని వెళ్లండి (కనీసం ఈ పనికైనా వస్తారేమో చూడండి). అతని చేతిలో ఆయుధం ఉందనిపించినా, ప్రాణం మీదకి వచ్చిందనిపించినా బెల్లూ లేదు ఏమీ లేదు, నేరుగా పోలీసులకి ఫోన్ చేయండి. అతనితో మాత్రం ఎప్పుడూ "మీ ఆవిడ మాకు చెప్పింది" అనొద్దు, తలుపు వేశాక ఆ మాటకి దెబ్బలు తినేది ఆవిడే.

ఆవిడకి మీ మీద నమ్మకం కుదిరాక చేయగలిగినవి చాలా ఉన్నాయి. కాగితాల నకళ్లు, రోజూ వేసుకునే మందులు, కాస్త డబ్బు, ఇంటి తాళం ఒకటి అదనంగా, పిల్లల బట్టలు రెండు జతలు ఒక సంచిలో మీ ఇంట్లో పెట్టుకోనివ్వండి. ఇద్దరికే తెలిసిన ఒక మాట అనుకోండి, ఫోన్‌లో ఆ మాట వినపడితే పోలీసుల్ని పిలవాలని అర్థం. దెబ్బల ఫోటోలు, తేదీలు ఆవిడ ఫోన్‌లో కాకుండా మీ దగ్గర ఉంటే మేలు. పిల్లలకి కూడా చెప్పాలి, మధ్యలో అడ్డం వెళ్లకుండా మీ ఇంటికి పరిగెత్తమని.

మీ వారు "రేపు ఒకటైపోతారు" అన్నారు చూశారా, అది నిజమే. కొట్టడం, తర్వాత కాళ్లా వేళ్లా పడడం, కొన్నాళ్లు ప్రశాంతం, మళ్లీ టెన్షన్ పెరగడం, మళ్లీ కొట్టడం. ఈ చక్రం గురించి లెనోర్ వాకర్ అనే సైకాలజిస్టు 1979లోనే రాశారు. అన్ని ఇళ్లలో ఇలాగే జరగదు గానీ చాలా ఇళ్లలో ఆ ఒకటవడం కూడా హింసలో ఒక భాగమే.

ప్రశ్న: మా చెల్లెల్ని మొగుడు కొడుతున్నాడని మూడుసార్లు తీసుకొచ్చాం. మూడోసారి కూడా తనంతట తానే అతని దగ్గరికి వెళ్లిపోయింది. ఇంక మా గడప తొక్కొద్దని నాన్న అన్నారు. నాకూ విసుగొచ్చింది. తప్పా?
– ఒక అక్క

జవాబు: విసుగు రావడం తప్పు కాదమ్మా, తలుపు వేయడం తప్పు. ఒక్కసారికే శాశ్వతంగా బయటపడే వాళ్లు తక్కువ. డబ్బు అతని చేతిలో ఉంటుంది, పిల్లల్ని ఇవ్వనంటాడు, చచ్చిపోతానని బెదిరిస్తాడు, కొన్నిసార్లు నిజంగానే ప్రేమ కూడా మిగిలి ఉంటుంది. అదీగాక విడిపోయే ముందూ వెనకా ఉండే రోజులే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి, ఆ సంగతి మనకన్నా తనకే బాగా తెలుసు. ఎన్నాళ్ల నుంచో అందరినీ దూరం చేస్తూ వచ్చాడు కదా, ఇప్పుడు మీరు కూడా మాట్లాడడం మానేస్తే అతని పని పూర్తయినట్టే. "ఎందుకు వెళ్లావు" అని అడగకుండా ఫోన్ చేస్తూ ఉండండి, వాతావరణం గురించైనా సరే. నాలుగోసారి రావాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో తనకి తెలిసి ఉండాలి. నాన్నగారికి ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: మేం అయిదుగురు స్నేహితులం. చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు కొన్ని ఉన్నాయని తెలుసు. ఏదైనా చేద్దామనుకుంటున్నాం కానీ మా దగ్గర డబ్బూ లేదు, ట్రైనింగూ లేదు. పెద్దమనుషుల్ని పిలిచి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిద్దామా?
– అయిదుగురు

జవాబు: ఆ ఒక్కటీ చేయకండి. పక్కన అతను కూర్చుని ఉంటే ఆవిడ ఏం చెప్పగలదు? చెప్పినా ఇంటికెళ్లాక దానికి శిక్ష పడుతుంది. ఇద్దరి తప్పూ ఉందని తేల్చి, సర్దుకుపొమ్మని పంపిస్తే పెద్దల ఆమోదం కూడా అతనికే దొరికినట్టు.

1971లో లండన్‌లోని చిజ్విక్‌లో ఎరిన్ పిజ్జీ అనే ఆవిడ మరికొందరితో కలిసి ఒక చిన్న ఇల్లు తెరిచారు. ఆడవాళ్లు పిల్లలతో వచ్చి కాసేపు కబుర్లు చెప్పుకోవడానికే మొదట దాన్ని పెట్టింది. ఒకరోజు ఒకావిడ వచ్చి ఒంటి మీద దెబ్బలు చూపించింది. అలా ఆ ఇల్లు కాస్తా శరణాలయం అయిపోయింది, తర్వాత అలాంటివి ఎన్నో దేశాల్లో వచ్చాయి. ఇంతకీ నేననేదేమిటంటే, వారానికో గంట ఎవరైనా వచ్చి కూర్చోగలిగే చోటు ఉంటే మీరు మొదలుపెట్టినట్టే.

తర్వాత పనులు పంచుకోండి. ఒకరు ఆస్పత్రికి తోడు వెళ్లండి, ఒకరు పోలీస్ స్టేషన్‌కి, కోర్టుకి. ఆ గంటల్లో పిల్లల్ని చూసుకునేది ఒకరు. వాయిదా రోజు గంటలకొద్దీ బెంచీ మీద పక్కన కూర్చునే మనిషి ఎంత అవసరమో అక్కడ ఒంటరిగా కూర్చున్న వాళ్లనడిగితే చెబుతారు. మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్, ఉచిత న్యాయ సహాయం, షెల్టర్ వివరాలు ముందే కనుక్కుని, ఫోన్ చేస్తే నిజంగా ఎత్తుతున్నారో లేదో కూడా చూసుకోండి. విన్నది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదు, అది చేతకాని వాళ్లని ఎంత మంచి స్నేహితులైనా ఈ పనిలోకి తీసుకోవద్దు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో కెనడియన్ విమెన్స్ ఫౌండేషన్ నోరు విప్పకుండానే "నాకు సాయం కావాలి" అని చెప్పే ఒక చేతి సైగ నేర్పించింది. అరచేయి ఎదుటివాళ్లకి చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లు దాని మీద మూయడం. మీ అయిదుగురూ నేర్చుకోండి, వచ్చినవాళ్లకీ నేర్పండి. వీడియో కాల్‌లో ఎవరైనా అది చూపిస్తే వెంటనే హడావుడి చేయకుండా, అవును కాదు అని జవాబిచ్చే ప్రశ్నలతో ఏం కావాలో కనుక్కోండి.

హెల్ప్‌లైన్ నంబరు ఆవిడ ఫోన్‌లో సేవ్ చేయాల్సి వస్తే ప్లంబరనో, టైలరనో పెట్టండి. కాల్ చేశాక లిస్టులోంచి తీసేయమని కూడా చెప్పండి. ఇంకా మంచిది, ఆ కాల్ మీ ఫోన్ నుంచే చేయించడం.