హెచ్‌ఐవీ ఉందని ఆపరేషన్ చేయలేదు, ఇప్పుడు ఇంట్లోంచీ పొమ్మంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాకు 34 ఏళ్లు, కొన్నేళ్లుగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. మావారు పోయి ఏడాదైంది, తొమ్మిదేళ్ల పాప ఉంది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరితే ఆపరేషన్‌కు టైమిచ్చి, రక్తపరీక్షల రిపోర్టు వచ్చాక ‘మా దగ్గర కుదరదు, పెద్దాసుపత్రికి వెళ్లండి’ అన్నారు. కేస్‌షీటు మీద ఎర్ర సిరాతో రాసి మంచానికి తగిలించారు, అది ఊరి వాళ్ల కంట పడింది. ఇప్పుడు మా మరిది ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నాడు. కేసు పెడితే నా పేరు పేపర్లో వస్తుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆపరేషన్ సంగతి చూసుకోండి అమ్మా. కేసు నెల ఆగినా ఫర్వాలేదు, రాళ్ల నొప్పి ఆగదు. మీరు మందులు తీసుకునే ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరునో కౌన్సిలర్‌నో కలిసి జరిగింది చెప్పి, సర్జరీ విభాగానికి రిఫరల్ చీటీ రాయించుకోండి, దారి తెలియకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఇక ఆ ఆస్పత్రి చేసింది తప్పే. మన దేశంలో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉన్నందుకు వైద్యం నిరాకరించడం, మధ్యలో ఆపేయడం, వేరుగా చూడడం దాని సెక్షన్ 3 ప్రకారం వివక్ష, ఇది ప్రైవేటు ఆస్పత్రులకూ వర్తిస్తుంది. నిజంగా సర్జన్ లేకో, ఐసీయూ లేకో పంపితే వేరే మాట, కానీ టైమిచ్చిన వాళ్లు రిపోర్టు చూశాకే మాట మార్చారంటే కారణం ఏమిటో ఎవరికైనా అర్థమవుతుంది. ‘మా స్టాఫ్ భయపడుతున్నారు’ అన్న సాకు కూడా చెల్లదు, ఎందుకంటే సిబ్బందికి గ్లౌజుల లాంటి రక్షణ సామగ్రి, శిక్షణ, పొరపాటున సూది గుచ్చుకుంటే వేసుకునే మందులు సమకూర్చాల్సిన బాధ్యతను సెక్షన్ 19 ఆస్పత్రి మీదే పెట్టింది. తనకు ఉందని తెలియని పేషెంటు కూడా అదే టేబుల్ మీదికి వస్తాడు కదా, అందుకే ఆ జాగ్రత్తలు అందరి విషయంలోనూ తీసుకోవాలి.

మీకు చెప్పి, మీ అనుమతి తీసుకునే హెచ్‌ఐవీ పరీక్ష చేశారా? లేకపోతే అది సెక్షన్ 5 ఉల్లంఘన. ఎర్ర సిరా సంగతి సెక్షన్ 8 కిందికి వస్తుంది. మీకు వైద్యం చేసే డాక్టర్లు అవసరమైనంత వరకు ఒకరికొకరు చెప్పుకోవచ్చు, అంతేగానీ పక్క మంచం వాళ్లకు కనబడేలా తగిలించడానికి ఎవరికీ హక్కు లేదు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ సంగతే, ఎందుకంటే ఆపరేషన్ ఇంకోచోట చేయించుకోవచ్చు, ఊళ్లో పొక్కిన మాటను వెనక్కి తీసుకోలేం.

ఫిర్యాదుకు ముందు కాగితాలు చేతికి తెచ్చుకోండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో మెడికల్ రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. చేతికిస్తే తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. బిల్లులు, అడ్మిషన్ చీటీ, తోడున్నవాళ్ల పేర్లు అన్నీ పనికొస్తాయి.

తర్వాత అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని ఉత్తర్వు ఇచ్చే అధికారి. ఈ చట్టం కింద ప్రతి రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ను నియమించాలి, మీ జిల్లాకు ఎవరో ఏఆర్‌టీ సెంటర్‌లో గానీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థలో గానీ అడగండి. ఫిర్యాదు అందాక 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, ప్రాణం మీదికి వచ్చిన కేసైతే వీలైనంతవరకు 24 గంటల్లోనే. ఉత్తర్వును ఖాతరు చేయకపోతే పదివేల వరకు జరిమానా, అయినా దారికి రాకపోతే రోజుకు ఐదువేల వరకు అదనం. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. మీరు ఆస్పత్రికి కట్టింది ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు ఉండదు. లాయరు ఖర్చుకు టెన్షన్ పడకండి, ఆదాయం ఎంతైనా సరే మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, నంబరు 15100.

పేరు విషయం. సెక్షన్ 34 ప్రకారం మీ అసలు పేరు బయటపెట్టకుండా, తలుపులు మూసి విచారణ జరపమని, వివరాలు ఎవరూ ప్రచురించకుండా ఆపమని కోర్టును అడగవచ్చు. వైమానిక దళంలో పనిచేసిన ఒకాయనకు రక్తమార్పిడి వల్ల హెచ్‌ఐవీ సోకిన కేసులో సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కోటిన్నరకు పైగా పరిహారం ఇప్పిస్తూ, ఇలాంటి కేసులను ముందుగా విచారించాలని, బాధితుల గుర్తింపు కాపాడాలని దేశంలోని కోర్టులన్నిటికీ చెప్పింది. అయితే ఆ దరఖాస్తు మొదటి రోజే, కేసుతో పాటే వేయమని మీ లాయర్‌కు గట్టిగా చెప్పండి. పేరు ఒకసారి రికార్డుల్లోకి ఎక్కాక దాన్ని తీయించడం కష్టం.

మీ మరిదికి ఒకటే సమాధానం. కలిసి ఉంటున్న ఇంట్లో ఉండే హక్కు మీకు ఈ చట్టం సెక్షన్ 29 కింద ఉంది, గృహహింస చట్టం కిందా ఉంది. ఇల్లు మామగారి పేరున ఉన్నా సరే, మిమ్మల్ని చట్టప్రకారం తప్ప బయటికి పంపడానికి వీల్లేదు. ఇక మీవారి పేరున ఆస్తి ఉండి, వీలునామా రాయకపోయి, మీరు హిందువులైతే అందులో మీకూ పాపకూ, మీ అత్తగారు బతికుంటే ఆవిడకూ సమాన వాటాలు, మరిదికి ఏమీ రాదు. పుట్టింటికి వెళ్లినా సామాను ఖాళీ చేయకండి, వాళ్లు పెట్టే ఏ కాగితం మీదా లాయరు చూడకుండా సంతకం చేయకండి.

పింఛను రాకపోతే అడగండి. ఎన్టీఆర్ భరోసాలో ఏఆర్‌టీ వాడేవారికీ, భర్త పోయినవారికీ నెలకు 4,000 రూపాయలే. మొత్తం ఒకటే కాబట్టి, సచివాలయంలో తెలుస్తుందన్న బెంగ ఉంటే వితంతు పింఛనుకే దరఖాస్తు చేసుకోండి. పాప స్కూల్లో మీ ఆరోగ్యం గురించి ఏమీ చెప్పనక్కర్లేదు. ఎవరైనా చెప్పినా, దాన్ని పట్టుకుని పాపను తీసేయడం గానీ వేరుగా కూర్చోబెట్టడం గానీ చేస్తే అది కూడా సెక్షన్ 3 కిందే వస్తుంది, అంబుడ్స్‌మన్‌కు ఇచ్చే ఫిర్యాదులో దాన్నీ చేర్చవచ్చు.